కాటను దొరగారును, ఆయన లెక్కలును

కోనసీమయందు గాటను దొరగారి పేరు వినని బాలుడుండడు. ధవళేశ్వరము మొదలుకొని సముద్రతీరమువఱకు ననేక గ్రామములలో నాయన విగ్రహములు నిలిచియున్నవి. గుఱ్ఱముపై గూర్చున్న దొరను జూపి, మన కన్నము పెట్టిన మహానుభావు డీయనయే యని తాతలు మనుమలకు జెప్పుచుందురు. ఆనకట్టకు బూర్వము గోదావరి మండల మెట్లుండెనో, పిమ్మట నెట్లయ్యెనో పాఠ్యపుస్తకములును సంగ్రహముగా దెలుపుచున్నవి. అయినను ఆ కథలన్నింటను నొక విషయము మఱుగున బడిపోయినది. ఆ యానకట్ట ఱాతితోడను సున్నముతోడను గట్టబడుటకు మున్ను, కాగితముపై నంకెలతో గట్టబడినది. అంకెలు సరిగా లేకున్నచో కుంఫిణీవారు దానికొక్క రూకయైన నిచ్చియుండరు. ఆ యంకెల కథయే మేమిప్పుడు చెప్పబూనినది. లెక్కల గంట మ్రోగినంతనే ముఖము చిన్నబుచ్చుకొను మా విద్యార్థులు దీనిని గొంచె మోపికతో జదువుదురు గాక.

ఆర్థరు కాటను 1803వ సంవత్సరము మే నెల 15వ తేదీని ఇంగ్లండు దేశమున జన్మించెను. హెన్రీ కాల్వెలీ కాటను గారి పదవ కుమారుడు. పదునొకండుగురు మగబిడ్డలుగల యింటిలో పదవవానికి బిత్రార్జితము మిగులుట దుర్లభము గావున, ఆ బాలుడు పదునాఱవ యేటనే యాడిస్‌కోంబులోని కుంఫిణీవారి సైనిక విద్యాలయమున జదువు ముగించి, మద్రాసు ఇంజనీర్ల దళమున జేరెను. 1821లో మద్రాసునకు వచ్చెను. మొదటి సంవత్సరములయందు బాంబను జలసంధిని నావలకు దారి తీయు పనిలో సహాయుడుగా నుండెను. ఈ భాగమున జెప్పదగిన విశేషము లంతగా లేవు.

1828లో గావేరి నీటిపారుదల పను లాయన వశమయ్యెను. అచ్చట నాయనకు గురువు దొరికెను. ఆ గురువు మనుష్యుడు కాడు; చోళరాజుల కాలమున గట్టబడిన కల్లణై యానకట్ట. అడుగు దొరకని యిసుకలో పునాది నెట్లు నిలువవలెనో సీమలోని పాఠశాలలు చెప్పని సంగతి నా పురాతనపు ఱాతిగట్టు చెప్పెను. ఈ యుపకారము నాయన యెన్నడును మఱువలేదు. 1836 నాటికి గొళ్లిడము నదిపై రెండానకట్టలు లేచినవి. తంజావూరు రైతుల నడిగినవారికి నీరు వచ్చెను, పైరు పండెను అనుమాత్రమే తెలియును. కాటను గారి కది చాలలేదు. ఎంత నీరు, ఎంత భూమికి, ఎంత వ్యయముతో, ఎంత శిస్తు పెరిగెను, జనుల సంఖ్య యేమయ్యెను అని లెక్కలు వ్రాసి పెట్టుకొనెను. తరువాత గోదావరి వ్యవహారమున నాయన చేత నున్న యాయుధ మీ లెక్కల కట్టయే.

నడుమ నాయన యారోగ్యము మిక్కిలి చెడెను. సెలవుపై టాస్మానియా దీవికి బోయి, అచ్చట 1841లో ఎలిజబెత్తు లెర్‌మంతు అను నామెను వివాహమాడి, మరల మద్రాసు రాజధానికి వచ్చెను. విశాఖపట్టణమున గొంతకాలము పని చేసి 1844లో రాజమహేంద్రవరము మండలమునకు బంపబడెను.

ఆ నాటి మండలపు స్థితిని వర్ణింపవలెనన్న గవులకు మాటలు చాలవు. కాని రెండు సంఖ్యలు చాలును. 1821లో రాజమహేంద్రవరము జిల్లా జనసంఖ్య 7,38,308. 1841లో 5,61,041. ఇరువది సంవత్సరములలో 1,77,267 మంది తగ్గిరి. నలుగురున్న చోట దాదాపు మువ్వురే మిగిలిరన్నమాట. యుద్ధము లేదు, పరరాజు దండెత్తి రాలేదు. వానలు పడక, పడినప్పుడు వఱదలై ముంచి, నందన నామ సంవత్సరపు కఱవున 1832-33లో జనులు తిండిలేక చచ్చియు, ప్రాణములు దక్కినవారు వలసబోయియు ఊళ్లు పాడుపడినవి. మండలమునందు గోదావరియంతటి నది యుండగా నిట్లు జరుగుట చూచువారికి వింత. చూచి యలవాటుపడినవారికి మాత్రము వింతగా దోచలేదు. కఱవు కాటకములు దైవాధీనములనుకొని యూరకుండిరి.

ఈ సంఖ్యలను గూర్చి యొక్క మాట. ఇవి నేటి జనాభా లెక్కలవంటివి కావు. మద్రాసు రాజధానిలో గ్రమపద్ధతిని జనపరిగణనము 1871లో మొదలయ్యెను. అంతకు బూర్వపు లెక్కలు గ్రామకరణములు వ్రాసి పంపగా దాలూకా కచ్చేరీలలో గూడినవి. తప్పు లుండక మానవు. ఐనను ఆ తాటాకు లెక్కలే లేకపోయినచో నింతటి ప్రజాక్షయము జరిగెనని నిరూపించుట కేమి యాధారముండును? చచ్చినవారు వచ్చి సాక్ష్యము చెప్పరుగదా. పేరు తెలియని యా కరణములకుగూడ కోనసీమ ఋణపడియున్నదని మా యభిప్రాయము.

ఇట్టి సంఖ్యలు చేతనుండుట వలన మఱియొక ప్రయోజనము గలదు. 1839 నవంబరులో గోరంగి రేవును గొప్ప తుపాను ముంచినది. ఆ విపత్తున మూడు లక్షల మంది మరణించిరని అనేక గ్రంథములలో అచ్చు పడియున్నది. ఒకరిని జూచి యొకరు వ్రాసికొనుచున్నారు. ఆ తుపాను ఘోరమైనదే, సందేహము లేదు. కాని పై లెక్కల నొక్కసారి ప్రక్కన బెట్టి చూడుడు. 1821 మొదలు 1841 వఱకు, కఱవును తుపానును వలసలును అన్నియు గలిసి, జిల్లాలో దగ్గినవారే రెండు లక్షలకు లోపు. తుపాను జరిగిన రెండేండ్లకు వ్రాసిన లెక్కలో అయిదు లక్షల అఱువది వేల మంది బ్రదికియున్నారు. ఒక్క రేవునందును దాని చుట్టుపట్లను మూడు లక్షల మంది యొక్కనాడు నశించియుండిన నీ లెక్క పొసగునా? మేమీ సంఖ్యను నమ్మజాలకున్నాము. అచ్చులో నున్నదంతయు నిజము కాదని చెప్పుటకు గొప్ప పాండిత్యము వలదు. ఒక కూడికయు నొక తీసివేతయు జాలును. ఇప్పుడు చేతిలోని ఫోనులయందు క్షణమున కొక సంఖ్య వచ్చి పడుచున్న కాలమున నీ తీసివేత మఱింత యవసరము.

కాటను వచ్చిన యేటనే సర్ హెన్రీ మాంటుగోమరీ గారు జిల్లా దుస్థితిని విచారించి ప్రభుత్వమునకు నివేదిక పంపెను. కాటను తన నివేదికలను 1844లోను 1845లోను వ్రాసెను. ఆయన వాదమున నార్భాటము లేదు. తంజావూరునకును రాజమహేంద్రవరమునకును నేల యించుమించుగా నొకటే, ఎండ యొకటే. గోదావరి కావేరికంటె బెద్దది. ఒక్కచోట జనము క్రిక్కిఱిసి శిస్తు పెరుగుచుండగా, రెండవచోట జనము తఱుగుచు శిస్తు పడిపోవుచున్నది. భేద మెక్కడ? నీటిని బట్టి నిలుపుటలో. ఇట్లు రెండు మండలములను జతపఱచి, సమానములైనవాని నన్నింటిని దీసివేసి, మిగిలిన భేదమును వ్రేలితో జూపుట శాస్త్రజ్ఞుల మార్గము. నేటి సంఖ్యాశాస్త్ర పండితులు దానికి బెద్ద పేళ్లు పెట్టియున్నారు గాని, పద్ధతి యిదియే.

మఱియొక చిక్కు నాయన విడదీసెను. సంవత్సరమంతయు గోదావరిలో బాఱు నీటిని గూడి, పన్నెండు నెలలకు బంచి చూచినచో, ఈ దేశమునకు నీటి కొఱత యనునది కలలోగూడ రాదు. కాని యా సరాసరి నీరు ఏ నెలలోను బాఱదు. శ్రావణ భాద్రపదములలో నది సముద్రమువలె బొంగి లంకలను మ్రింగును. చైత్రమాసమున నిసుక తిన్నెల నడుమ సన్నని పాయలై యుండును. సరాసరిని త్రాగి యే పైరును బ్రదుకదు. కావున నడుగవలసిన ప్రశ్న నీరెంత యని కాదు, నీరెప్పు డని. ఆనకట్ట నీటిని సృష్టింపదు. నది మట్టమును బన్నెండడుగు లెత్తి, కాలువల మోములకు నీరందునట్లు చేయును. అంతే. ఈ సూక్ష్మము తెలిసినవాడు గావుననే, కాటను పెద్ద జలాశయమును గాక పొడవైన పొట్టిగోడను గోరెను.

ఇక మట్టముల లెక్క. ధవళేశ్వరమునొద్ద గోదావరి చీలి, గౌతమిగను వశిష్ఠగను బాఱి, నడుమ మన కోనసీమను గౌగిలించుకొనియున్నది. చూచువారి కన్నులకు నీ నేల యంతయు నరచేయివలె సమతలముగా దోచును. మట్టసాధనమును బెట్టి చూచిన గన్నులు మోసగించెనని తెలియును. నేల సముద్రమువైపు మైలునకు దాదాపొక యడుగు చొప్పున వాలియున్నది. అంతియే గాదు, నదీతీరమున నేల యెత్తుగాను, తీరమునుండి దూరమైన కొలది పల్లముగాను ఉన్నది. వేల సంవత్సరముల వఱద లొండ్రును ముందుగా నొడ్డుననే విడిచిపోవుటచే నిట్లయినది. కావున కాలువ నొడ్డు వెంబడి నెత్తున దీసినచో నీరు తనంతట తానే పొలములకు దిగును. ఎద్దులు వలదు, ఏతములు వలదు. మైలున కొక్క యడుగు! ఆ యడుగును గొలువకున్నచో కాలువలు వెనుకకు బాఱియుండెడివి. అందుచేతనే కాటను ప్రభుత్వము నడిగిన సహాయములలో మట్టములు తీయుట నేర్చుకొన దగిన యువకులను గూడ గోరెను.

కుంఫిణీ డైరెక్టర్లు సమ్మతింపగా 1847లో బని మొదలయ్యెను. ధవళేశ్వరపు గొండనుండి ఱాయి తెచ్చిరి. పనివాండ్ర సంఖ్య పది వేల వఱకు బోయెను. వారిని గూర్చి, వారికి దిండి సమకూర్చి, తగవులు తీర్చి, కాటను గారికి గుడిభుజముగా నిలిచినవాడు వీణెము వీరన్న గారు. తెలుగువాడు, రాయబహదూరు బిరుదము పొందెను, 1867లో మరణించెను. కాటను విగ్రహము లున్నన్ని చోట్ల వీరన్న గారి పేరు వినబడకపోవుట మాకు గొంత కష్టముగానున్నది. కాటను భక్తిగల క్రైస్తవుడు. ఆదివారమున బనిని మాన్పించెడివాడు. ఎండదెబ్బకు దేహము చెడి 1848లో నాయన సెలవు తీసికొనగా, కెప్టెను ఆరు గారు పని సాగించెను. 1852లో నానకట్ట ముగిసెను.

ఆ పాత యానకట్ట నాలుగు భాగములు. ధవళేశ్వరపు భాగము 4,940 అడుగులు, ర్యాలి భాగము 2,859, మద్దూరు భాగము 1,548, విజ్జేశ్వరపు భాగము 2,598. కూడిన 11,945 అడుగులు, అనగా రెండుంబాతిక మైళ్లు. నది వెడల్పు నాలుగు మైళ్లని చెప్పుదురు. మఱి యానకట్ట రెండుంబాతిక యేమి? నడుమ లంకలు గలవు. లంకలకు గోడ యక్కఱలేదు. నది యెక్కువ వెడల్పుగల చోటనే యానకట్ట నేల కట్టవలెనని కొంద ఱాక్షేపించిరి. లంకలను లెక్కించి, నీటిలోతును లెక్కించి చూచినప్పుడు ఆ వెడల్పే మేలని తేలెను. పాతదాని స్థానమున 1970వ దశకమున మొదలై 1982 నాటికి ముగిసిన క్రొత్త బ్యారేజికి గూడ నాయన పేరే పెట్టిరి.

మా రాజోలు ప్రాంతపు విద్యార్థులకు గన్నవరపు ఆక్విడక్టు సుపరిచితము. వైనతేయ పాయ మీదుగా నగరము లంకకు కాలువను దాటించుటకు లెఫ్టినెంటు హెయిగు గారు దానిని గట్టిరి. హెయిగు గారే తరువాత దుమ్ముగూడెమున గోయల నడుమ మిషను పనికి గారకులైరి. ఆ ఆక్విడక్టు పొడవు 2,248 అడుగులు. కమానులు 49, ఒక్కొక్క కమాను 40 అడుగులు. ఇప్పు డొక చిన్న లెక్క. నలువది తొమ్మిదిని నలువదిచే గుణింపుడు, 1,960 వచ్చును. దానిని మొత్తమునుండి తీసివేయగా 288 మిగులును. కమానుల నడుమ స్తంభములు 48. పంచినచో నొక్కొక్క దానికి సరిగా ఆఱడుగులు. దూరముగా నిలిచి, నీట దిగకయే, స్తంభపు మందమును జెప్పగలిగితిమి. వ్రాసి పెట్టిన కొలతలు సత్యములైనచో నొకదానినొకటి యిట్లు సమర్థించుకొనును. అసత్యములైనచో నెక్కడనో యొక్కచోట బట్టుబడును. నేడచ్చట నిలిచియున్న క్రొత్త ఆక్విడక్టు అన్నపూర్ణయని పేరొందిన డొక్కా సీతమ్మ గారి పేరిట వెలసినది.

కోనసీమవాసులకు అంకెలు చదువుట ముచ్చట కాదు, ప్రాణముతోడి పని. వఱదల నాళ్లలో ధవళేశ్వరమునొద్ద నీటిమట్టము 11.75 అడుగులు చేరి ప్రవాహము 10 లక్షల క్యూసెక్కులైనప్పుడు మొదటి హెచ్చరిక, 13.75 అడుగులు, 13 లక్షలకు రెండవది, 17.75 అడుగులు, 17 లక్షలకు మూడవది. క్యూసెక్కనగా క్షణమున కొక ఘనపుటడుగు నీరు. 1986 ఆగస్టులో దాదాపు 35 లక్షల క్యూసెక్కులు వచ్చినది. ఆ యేటి గండ్లను జూచినవా రిప్పటికిని దానిని దలచి నిట్టూర్పు విడుతురు. లంకలలోని యిల్లా లొకతె, భద్రాచలమున నలువదిమూడు దాటెనని వినినంతనే, ధాన్యపు బస్తాల నటుక మీదికి జేర్చును. నలువదియెనిమిదనగా పశువులను గట్టు మీదికి దోలించును. ఏబదిమూడనగా బిడ్డలతో బయలుదేరును. అంకె పెద్దదియా చిన్నదియా యనుట మాత్రమే గాక, పెరుగుచున్నదా తఱుగుచున్నదా, గంట కెంత చొప్పున, అచ్చటి నీ రిచ్చటికి జేరుట కెంత కాలమని యామె యడుగును. పట్టణములలో బట్టములు పొందినవా రనేకు లీ ప్రశ్నలడుగుట మేమెఱుగము. ఒక్క నాటి మట్టమును జూచి భయపడువారును, ఒక్క నాటి మట్టమును జూచి ధైర్యపడువారును సమానముగా మునుగుదురు.

ఆనకట్టకు దరువాత ఫలమేమి? నేడు గోదావరి డెల్టా ఆయకట్టు పది లక్షల యెకరములకు బైగా నున్నది. అందు కోనసీమ యగు మధ్య డెల్టా భాగము సుమారు రెండు లక్షల యెకరములు. జనులు పెరిగిరి. సభలలో వక్త లిట్లు చెప్పుట కలదు: 1841లో అయిదు లక్షల అఱువది వేలుగా నుండిన జనసంఖ్య 1901 నాటికి ఇరువది మూడు లక్షలయ్యెను, ఇదియంతయు గాటను దొరగారి ప్రభావమే యని. చప్పట్లు మ్రోగును. కాటను గారే ఆ సభలో నుండిన జప్పట్లు కొట్టరని మా నమ్మకము. ఏలయన 1841 నాటి సంఖ్య రాజమహేంద్రవరము జిల్లాది. 1859లో జిల్లాల సరిహద్దులు మార్చి, గోదావరి జిల్లా, కృష్ణా జిల్లా యని క్రొత్తగా నేర్పఱచిరి. 1901 నాటి గోదావరి జిల్లా పాత జిల్లా కాదు. దానియందు వేఱు తాలూకాలు చేరినవి. పెరుగుదల నిజము, గొప్పదియును. నాలుగు రెట్లనుట మాత్రము రెండు వేఱువేఱు వస్తువులను నొక్క త్రాసున దూచుట.

ఇది పాతకాలపు తప్పని తలపవలదు. 2011 జనాభా లెక్కలలో దూర్పు గోదావరి జిల్లాకు ఏబదియొక లక్షకు బైగా జను లున్నారు. 2022 ఏప్రిలులో జిల్లాలను విభజించినప్పుడు అమలాపురము ముఖ్యపట్టణముగా గోనసీమ వేఱు జిల్లాయయ్యెను, కాకినాడ వేఱయ్యెను, మన్యపు భాగము మఱియొక జిల్లాలో గలిసెను. ఏ మెఱుగని పరదేశి యొకడు రెండు పట్టికలను జూచినచో, ఈ తూర్పు గోదావరి జిల్లాలో నేదో మహామారి వచ్చి సగము కంటె నెక్కువ మందిని గొనిపోయెనని విలపించును!

కాటను గారి లెక్కలును ఎల్లప్పుడు ఫలింపలేదు. భక్తులు దీనిని జెప్పరు. కాని దాచుట న్యాయము కాదు. గోదావరి విజయము పిమ్మట 1858లో నాయన ఒరిస్సా దేశమును బరిశీలించి మహానది కాలువలను ప్రోత్సహించెను. ప్రైవేటు కంపెనీ యొకటి పని మొదలుపెట్టెను. తుంగభద్రనుండి తీసిన కర్నూలు కడప కాలువయు నట్టి కంపెనీ పనియే. రెండును లాభము తేలేదు. ఒరిస్సాలో సామాన్య సంవత్సరములయందు వానలు చాలినంత కురియును. రైతు సొమ్మిచ్చి కాలువ నీరు కొనడు. కర్నూలు నల్లరేగడి రైతుకును మామూలు ఏటను నీ నీ రక్కఱలేకపోయెను. తంజావూరునకు గోదావరికి సరిపోయిన కొలబద్ద ఒరిస్సాకు సరిపడలేదు. ఒక్కచోట నిజమైన సంఖ్య, నేలయు వానయు అలవాట్లును మాఱిన చోట నిజము కానేరదు. ఒరిస్సా కంపెనీ పనులను ప్రభుత్వము 1868లో గొనెను. కర్నూలు కాలువను 1882లో. అయినను న్యాయముగా జెప్పవలెనన్న రెండవ ప్రక్కయు నున్నది. 1866లో నొరిస్సాలో భయంకరమగు కఱవు వచ్చి సుమారు పది లక్షల మంది నశించిరి. కాలువలు నాటికి ముగియలేదు. లాభనష్టముల పద్దులో నా పది లక్షల ప్రాణములకు గడి లేదు. ఏ పద్దునైనను జదువునప్పుడు అందులో నున్నదానిని మాత్రమే గాక, ఏది వ్రాయబడలేదో దానినిగూడ వెదకవలసియుండును.

ఇట్టి పద్దులనే చదివి కాటను పక్షమున నిలిచినవారిలో ఫ్లారెన్సు నైటింగేలు గారు ముఖ్యురాలు. దీపము చేతబట్టిన దాదిగా నామె పటము మా బాలికలకు దెలియును. క్రిమియా యుద్ధమున గాయములచేత జచ్చిన సైనికులకంటె రోగములచేత జచ్చినవారే మిక్కుటమని, రంగుల పటములు గీసి మంత్రులకు జూపినది యామెయేనని యనేకులెఱుగరు. 1858లో లండను సంఖ్యాశాస్త్ర సంఘమున సభ్యురాలిగా నెన్నికైన ప్రథమ వనిత యామె. హిందూదేశమును గన్నులార జూడకయే, ఇచ్చటి కఱవు లెక్కలను జదివి, నీటిపారుదల కొఱకు సంవత్సరములతరబడి ప్రభుత్వముతో వాదించి, కాటను గారితో నుత్తరప్రత్యుత్తరములు జరిపెను. మంచముపట్టిన యొక స్త్రీ వేల మైళ్ల దూరమునుండి మన కాలువల కొఱకు బోరాడుటకు సాధనమేమి? పట్టికలే.

మన కాలమున గూడ కోనసీమ రైతు పద్దు వ్రాసి దేశమునకు జూపిన సందర్భమొకటి జరిగెను. 2011లో నిచ్చటి రైతులు సార్వా పంట వేయక పొలములను బీడు విడిచిరి. పంట విరామమను మాట నాడు దేశమంతట వ్యాపించెను. కాలువ నిండ నీరుండగా నిదేమి చోద్యమని కొందఱనిరి. రైతులు చూపినది యెకరపు లెక్క: దుక్కి, విత్తనము, ఎరువు, నాటు, కోత, కూలి యొకవైపు, పండిన బస్తాలు, వాని ధర మఱియొకవైపు. రెండవది మొదటిదాని నందుకొనలేదు. దానికి దోడు పూడిపోయిన మురుగు కాలువలు. నీరు తెచ్చు కాలువ నందఱును గొలిచిరి. నీరు పోవు కాలువను గొలుచుట యశ్రద్ధ చేసిరి. ప్రభుత్వము మోహను కందా గారి యాధిపత్యమున సంఘమును వేసి విచారించెను. ఆ సంఘమునెదుట రైతులు కన్నీరుతో బాటు కాగితమునుగూడ నుంచగలిగిరి. ఇంటి పద్దు వ్రాసికొను నలవాటు లేనివాని కిది సాధ్యము కాదు.

కాటను గారు 1861లో సర్ బిరుదము పొందిరి. ఉద్యోగము విడిచి స్వదేశమునకు బోయిన పిమ్మటను పార్లమెంటు విచారణ సంఘముల యెదుట రైలుమార్గములకంటె జలమార్గములు చౌకయని లెక్కలతో వాదించుచు, ఓడియు నోడక, ముసలితనమున బ్రవేశించిరి. తుదకు డార్కింగు పట్టణమున స్థిరపడిరి. అచ్చట నది లేదు, ఆనకట్ట లేదు. ఇంటి తోటలో నేలను లోతుగా ద్రవ్వి, గోధుమలు చల్లి, ఎంత లోతునకు ద్రవ్విన నెంత పంట హెచ్చునో పరీక్షింపసాగిరి. తొంబదియేండ్లు దాటిన వృద్ధుడు మడి మడికి బోయి, వెన్నులను జూచి, పంటను గొలిపించి వ్రాయించుకొనుచుండెడివాడు. 1899లో తొంబదియాఱవ యేట నాయన కన్నుమూసెను. మరుసటి యేట నాయన కుమార్తె లేడీ హోపు గారు తండ్రి జీవితచరిత్రమును బ్రకటించిరి. గోదావరి కథతో బాటు ఆ గోధుమ మడుల ముచ్చటయు నందు గలదు.